పోర్ట్రెయిట్‌కి 85 కొనాలా, 50 చాలా? మా మామిడితోటలో తేలిన లెక్క

మైలవరం నుంచి మాట్లాడుతున్నా. వెనకాల కనిపిస్తున్నది మా తోటే. కోతలు అయిపోయాయి కాబట్టి ఇలా చెట్టు కింద తీరిగ్గా కూర్చోగలిగా. నెల క్రితం అయితే ట్రేలు, లారీ, చిక్కాలు పట్టుకున్న మనుషులు, కేకలు... నా మాట మీకు వినపడేదే కాదు.

ఇవాళ్టి ఎపిసోడ్ లెన్సుల గురించి. మొన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. బీటెక్ చదువుతున్నాడు, సెకండ్ హ్యాండ్‌లో కెమెరా కొన్నాడు. "అన్నా, పోర్ట్రెయిట్స్‌కి 85 ఎంఎం తీసుకుంటున్నా. అందరూ అదే బెస్ట్ అంటున్నారు, ఓకేనా?" అన్నాడు. నేను ఒక్కటే అడిగా: "ఎక్కడ నిలబడి తీస్తావురా?" అటువైపు చప్పుడు లేదు. తర్వాత "అదేంటన్నా, ఎక్కడైనా తీస్తా" అన్నాడు. వాడికి ఫోన్లో చెప్పలేకపోయా, అందుకే ఈ ఎపిసోడ్. తమ్ముడూ, చూస్తున్నావుగా?

ముందు మాటల అర్థం చెప్పుకుందాం. ప్రైమ్ అంటే జూమ్ అవ్వని లెన్సు. ఒకే నంబరు ఉంటుంది: 35, 50, 85, 105, 135. దగ్గరికి కావాలంటే మనమే నడవాలి. అందులో షార్ట్ టెలిఫోటో అంటే కంటికి మామూలుగా అనిపించే దానికన్నా కొంచెం దగ్గరికి లాగి చూపించేది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా లెక్కలో సుమారు 75 నుంచి 135 దాకా ఈ గుంపు. మనిషి ముఖానికి ఇవి బాగుంటాయన్నది ఫోటోగ్రఫీ పుట్టిన దగ్గర్నుంచీ ఉన్న మాటే. 1840లో జోసెఫ్ పెట్జ్వాల్ అనే ఆయన వియన్నాలో లెక్కలు కట్టి మరీ పోర్ట్రెయిట్ కోసం ఒక లెన్సు డిజైన్ చేశాడు. దాని అపర్చర్ ఎఫ్/3.6. అంతకుముందు లెన్సుల్లోంచి వెలుతురు ఎంత తక్కువ వచ్చేదంటే, మనిషి నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాల్సి వచ్చేది. మన దగ్గర ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో రాజా దీన్ దయాళ్ తీసిన ముఖాలు చూడండి, సికింద్రాబాద్‌లో ఆయన స్టూడియో నడిచిన రోజులవి. మనిషికీ కెమెరాకీ మధ్య తగినంత జాగా ఉన్నట్టు చూడగానే తెలుస్తుంది. ఆ జాగా గురించే నేను చెప్పబోయేది.

దానికి మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి.

మా తాత పోయినప్పుడు గోడకి పెట్టడానికి ఒక్క సరైన ఫోటో దొరకలేదు. ఆధార్ కార్డు ఫోటో ఉంది, అదెలా ఉంటుందో మీకు తెలుసు. వెతగ్గా వెతగ్గా మా చిన్నాన్న కూతురి పెళ్ళిలో ఎవరో ఫోన్‌తో తీసిన గ్రూప్ ఫోటో దొరికింది. తాత ఆ చివర, అంచుకి నిలబడ్డాడు. దాన్నే క్రాప్ చేసి, పెద్దది చేసి, ఫ్రేమ్ కట్టించాం. పదకొండో రోజు దండ వేశాక నాయనమ్మ చాలాసేపు దానివైపే చూసి, "ఈయన మీ తాత కాదురా" అంది. ఏడుపుతో అన్న మాట కాదు. మామూలుగా, కాయ చూసి ఇది రసం కాదు కలెక్టరు అన్నట్టు చెప్పింది. నిజమే. మా తాతది కోల ముఖం. ఫోటోలో దవడలు పక్కకి సాగి, తల వెడల్పయి, ఎవరో వేరే మనిషిలా ఉన్నాడు.

ఆ తర్వాత నాయనమ్మ నన్ను పిలిచి, "నువ్వు ఆ కెమెరా పట్టుకుని తిరుగుతున్నావుగా, నాదైనా సరిగ్గా తియ్యి, ఉండగానే" అంది. నేను లెన్సుల గురించి సీరియస్‌గా చదవడం మొదలుపెట్టింది అప్పుడే.

తాత ముఖం ఎందుకు సాగింది? చాలామంది "ఫోన్ కెమెరా మంచిది కాదు" అనేస్తారు. కాదండి. ఫోన్ మెయిన్ కెమెరా వైడ్ లెన్సు, ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో చాలా ఫోన్లకి 24, 26 దగ్గర ఉంటుంది. వైడ్ లెన్సులో అంచున ఉన్నవి బయటికి సాగుతాయి. గోడలో చివరి ఇటుక సాగితే ఎవరూ పట్టించుకోరు, మనిషి తల సాగితే వెంటనే తెలిసిపోతుంది. అందుకే గ్రూప్ ఫోటోల్లో పెద్దవాళ్ళని చివర్లో నిలబెట్టకండి, మధ్యలో పెట్టండి. పిల్లలు చివర్లో ఉన్నా ఇంకో వంద ఫోటోలు దిగుతారు.

ఇది అంచుల సంగతి. నడి మధ్యలో ఒక్క మనిషినే తీసినా ఇంకో సమస్య ఉంది, అసలు విషయం అదే. మీ ముక్కు కొస నుంచి చెవి దాకా లోతు సుమారు 12 సెంటీమీటర్లు అనుకోండి. ఫోన్ మెయిన్ కెమెరాతో తల, భుజాలు ఫ్రేమ్ నిండా రావాలంటే అడుగున్నర దూరంలోకి వెళ్ళాలి, అంటే 45 సెంటీమీటర్లు. కెమెరా నుంచి ముక్కు 45, చెవి 57. దగ్గరున్నది పెద్దగా, దూరంగా ఉన్నది చిన్నగా కనిపిస్తుంది కదా? ఇక్కడ చెవితో పోలిస్తే ముక్కు పాతిక శాతం పైనే పెద్దదయిపోతుంది. అదే మనిషికి ఏడున్నర అడుగుల దూరం నుంచి తీస్తే ఆ తేడా 5 శాతం దగ్గర ఆగిపోతుంది. సెల్ఫీలో మీ ముక్కు మీది కానట్టు ఎందుకుంటుందో తెలిసిందా? ముక్కుని మార్చింది దూరం. ఆ దూరం నుంచి కూడా ఫ్రేమ్ నిండేలా చేయడం వరకే లెన్సు పని.

ఈ ముక్క అర్థమైతే సగం ఎపిసోడ్ అయిపోయినట్టే. మనం ఎదుటి మనిషితో మామూలుగా మాట్లాడేటప్పుడు నాలుగు నుంచి ఎనిమిది అడుగుల దూరంలో ఉంటాం. అక్కడ్నుంచి చూసిన ముఖమే మనకి గుర్తుండేది. నాయనమ్మకి గుర్తున్న తాత ముఖం కూడా అక్కడిదే. ఆ దూరం నుంచి తల, భుజాలు ఫ్రేమ్‌లో నిండుగా వచ్చేలా చేసే లెన్సే పోర్ట్రెయిట్ లెన్సు. అంతకుమించి అందులో మంత్రం ఏమీ లేదు.

ఇప్పుడు నంబర్లకి వద్దాం. ఇక్కడే మా తమ్ముడులాంటి వాళ్ళు బోల్తా పడతారు, నేనూ పడ్డా. "85 బెస్ట్" అన్న మాట ఫుల్‌ఫ్రేమ్ కెమెరా వాళ్ళది. మనలో ఎక్కువమంది దగ్గర ఉన్నది క్రాప్ సెన్సార్ కెమెరా, అంటే ఏపీఎస్-సీ. సెన్సార్ చిన్నది కాబట్టి ఫ్రేమ్ ఇరుగ్గా అవుతుంది. నికాన్, సోనీ అయితే నంబర్‌ని 1.5తో, కెనాన్ అయితే 1.6తో గుణించుకోండి. నా నికాన్ డీ5600 మీద 85 పెడితే అది 127 లాగా పనిచేస్తుంది. 50 పెడితే 75 లాగా. కెనాన్ మీద 50 పెడితే 80. అంటే క్రాప్ కెమెరా మీద మామూలు 50 లెన్సే షార్ట్ టెలిఫోటో అయి కూర్చుంటుంది!

నంబర్లు వదిలేయండి, అడుగుల్లో చెప్తా. నా కెమెరా నిలువుగా పట్టుకుని తల, భుజాలు తీయాలంటే 50తో నాలుగున్నర అడుగుల దూరంలో ఉండాలి, 85తో ఏడున్నర. నడుము దాకా కావాలంటే 50తో ఏడు అడుగులు, 85తో పన్నెండు. మనిషి మొత్తం, కాస్త పైనా కిందా జాగాతో రావాలంటే 50తో పద్నాలుగు, 85తో ఇరవైనాలుగు. ఇప్పుడు మీ హాల్లోకి వెళ్ళి టేపుతో కొలవండి. మా హాలు పదికి పన్నెండు. అందులో సోఫా, టీవీ స్టాండు, బియ్యం బస్తా. గోడకి వీపు ఆనించి నిలబడినా 85తో నడుము దాకా రావడం కూడా కష్టమే. ముఖం ఒక్కటే వస్తుంది. పుట్టినరోజు, పసుపు ఫంక్షన్, పెళ్ళికూతుర్ని చేయడం... ఇవన్నీ జరిగేది ఇలాంటి గదుల్లోనే కదా.

కొండపల్లిలో ఇది ఇంకా బాగా తెలిసింది. మా ఊరి నుంచి బెజవాడ వెళ్ళే దారిలో అటు పక్కకి తిరిగితే వచ్చేస్తుంది. బొమ్మల కాలనీలో తెల్ల పొణికి చెక్కతో బొమ్మలు చేసే ఒక పెద్దాయన్ని తీద్దామని వెళ్ళా. ఆయన కూర్చున్న చోట చుట్టూ చెక్క ముక్కలు, రంగు గిన్నెలు, ఆరబెట్టిన బొమ్మలు. నేను 85 పట్టుకుని వెనక్కి, వెనక్కి, ఇంకా వెనక్కి జరిగి గుమ్మం దాటి వీధిలోకి వచ్చేశా. మధ్యలో ఒక ఆటో వచ్చి ఆగింది. ఆయన నవ్వి, "ఏం బాబూ, నన్ను తీస్తున్నావా, ఇల్లు తీస్తున్నావా?" అన్నాడు. ఆ రోజు తీసిన వాటిలో ముఖం ఉంది గానీ చేతులు లేవు. బొమ్మలు చేసే మనిషి ఫోటోలో చేతులు లేకపోతే ఇంకేముందండీ.

మరి 85 ఎందుకు కొన్నా? చెప్తా. ఇది నా సొంత తెలివితక్కువతనం, ఎవర్నీ అనను.

ఆ సీజన్‌లో తోటలో కాయ లెక్క రాసి, లోడింగ్ దగ్గర నిలబడి, నాన్న ఇచ్చిన డబ్బు దాచుకున్నా. ఒక షాపులో పాత లెన్సు చూశా: నికాన్ ఏఎఫ్ 85 ఎంఎం ఎఫ్/1.8డి. అద్దం శుభ్రంగా ఉంది, ఫంగస్ లేదు, ధర కొత్తదాంట్లో సగం కూడా లేదు. కొనేశా. ఇంటికొచ్చి కెమెరాకి తగిలించి షట్టర్ సగం నొక్కా. ఏమీ కదల్లేదు. మళ్ళీ నొక్కా. అదే నిశ్శబ్దం. లెన్సు పాడైందనుకుని కంగారుపడ్డా. పాడవలేదు. ఈ పాత "డి" లెన్సుల్లో ఫోకస్ మోటారు ఉండదు. కెమెరా బాడీలో ఉన్న మోటారు ఒక చిన్న స్క్రూ ద్వారా లెన్సుని తిప్పాలి. డీ7200, డీ7500 లాంటి వాటిలో ఆ మోటారు ఉంది. డీ3500, డీ5600 లాంటి వాటిలో లేదు. అంతే. ఆటోఫోకస్ కావాలంటే పేరులో ఏఎఫ్-ఎస్ అని ఉన్నది కొనాలి, అంటే 85 ఎఫ్/1.8జి. కొత్త నికాన్ జెడ్ మిర్రర్‌లెస్ కొని ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెట్టినా డి లెన్సుకి ఆటోఫోకస్ రాదు. కెనాన్ ఈఎఫ్ లెన్సుల్లో ఈ గొడవ లేదు, మోటారు లెన్సులోనే ఉంటుంది.

కాబట్టి సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు మీ కెమెరా వెంట తీసుకెళ్ళండి. షాపులోనే తగిలించండి. ఫోకస్ తిరుగుతోందా, అపర్చర్ బ్లేడ్లు నూనె లేకుండా కదులుతున్నాయా, వెనక నుంచి టార్చి వేస్తే సాలెగూడు లాంటి ఫంగస్ కనిపిస్తోందా చూడండి. మొహమాటపడకండి. పుచ్చకాయని తట్టి చూడకుండా కొంటామా?

తిరిగి ఇచ్చేద్దామంటే తీసుకోలేదు. సరే, చేత్తో ఫోకస్ చేయడం నేర్చుకుందాం అనుకున్నా. నా దగ్గర ఇలాంటిదే ఉంది అనేవాళ్ళకి రెండు సంగతులు. లెన్సు మీద అపర్చర్ రింగు ఉంటుంది, దాన్ని అన్నిటికన్నా పెద్ద నంబరు, అంటే 16 దగ్గర పెట్టి లాక్ చేయాలి. లేకపోతే వ్యూఫైండర్‌లో ఎఫ్ఈఈ అని మెరుస్తుంది, ఫోటో పడదు. నేను దానికే ఒక సాయంత్రం పోగొట్టుకున్నా. రెండోది, వ్యూఫైండర్‌లో ఎడమవైపు మూలన చిన్న చుక్క ఉంటుంది, చేత్తో ఫోకస్ చేసినా సరిగ్గా కుదిరితే అది వెలుగుతుంది. దాన్ని నమ్ముకోవచ్చు, కానీ పూర్తిగా కాదు.

పొద్దున ఏడింటికి నాయనమ్మని తోటకి తీసుకెళ్ళా. పెట్టెలోంచి పాత వెంకటగిరి చీర తీసి కట్టుకుంది, ముక్కుపుడక తుడుచుకుంది. పాత బంగినపల్లి చెట్టు కింద కుర్చీ వేశా. ఎఫ్/1.8 పెట్టి నలభై ఫోటోలు తీశా, వెనకంతా వెన్నలా కరిగిపోయింది, స్క్రీన్ మీద చూసి మురిసిపోయా. ఇంటికొచ్చి కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే... (ఫోటో చూపిస్తూ) ఇదిగో. ముక్కుపుడక రాళ్ళు లెక్కపెట్టొచ్చు. కళ్ళు మసక. నలభైలో ముప్పై అయిదు ఇంతే.

ఎందుకంటే, ఆ దూరంలో ఎఫ్/1.8 దగ్గర ఫోకస్‌లో ఉండే మందం మొత్తం కలిపి 5 సెంటీమీటర్లు, రెండంగుళాలు. ముక్కుపుడక మీద ఫోకస్ కుదిరితే కన్ను ఆ మందానికి బయట పడిపోయింది. పైగా కుర్చీలో కూర్చున్న పెద్దావిడ ఊపిరి తీసుకుంటేనే ముందుకీ వెనక్కీ కొంచెం కదులుతుంది. ఎఫ్/2.8 పెడితే మందం 8 సెంటీమీటర్లు, ఎఫ్/4 పెడితే 11. ముక్కు కొస నుంచి చెవి దాకా దాదాపు సరిపోతుంది.

ఇక్కడ ఇంకో ఆశ్చర్యం ఉంది. అదే ఫ్రేమ్‌ని 50తో దగ్గరికి వెళ్ళి ఎఫ్/1.8లో తీసినా మందం అదే 5 సెంటీమీటర్లు! 85 అయితేనే ఫోకస్ పల్చగా వస్తుందని చాలామంది అనుకుంటారు. ముఖం ఫ్రేమ్‌లో ఒకే సైజులో ఉండి, ఎఫ్ నంబరు ఒకటే అయితే ముఖం మీద పెద్ద తేడా ఉండదు. తేడా అంతా వెనకాల. 85ని 1.8తో భాగిస్తే 47. అంటే లెన్సు రంధ్రం 47 మిల్లీమీటర్లు. 50ని భాగిస్తే 28. దూరంగా ఉన్న ఆకులు, దీపాలు ఎంత పెద్ద మసక గుండ్రాలవుతాయన్నది ఆ రంధ్రం సైజుని బట్టి ఉంటుంది. కాబట్టి 85లో అవి సుమారు 1.7 రెట్లు పెద్దవి. మీరు కట్టే ఎక్కువ డబ్బు ప్రధానంగా దీనికే. బాగుంటుందా అంటే, చాలా బాగుంటుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ మనిషిని చెట్టుకి ఆనించి కూర్చోబెట్టి వెనక బ్లర్ రావాలంటే ఏ లెన్సూ తేలేదు. వెనక జాగా ఉండాలి. మామిడితోటలో వరుసకీ వరుసకీ మధ్య ముప్పై అడుగులు పైబడే ఉంటుంది కాబట్టి కుర్చీని మొదలు దగ్గర కాకుండా వరుసల మధ్యకి జరపండి, చాలు.

తోటలో తీసేవాళ్ళకి ఇంకో రెండు మాటలు, ఎందుకంటే మా ప్రాంతం వాళ్ళు ప్రీవెడ్డింగ్ అనగానే తోటకే పరిగెడతారు, మైలవరం నుంచి నూజివీడు దాకా ఎక్కడ చూసినా ఇవే కదా. మామిడి ఆకు దట్టం. దాని కింద వెలుతురు పచ్చగా ఉంటుంది. మన కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. ముఖం మీద ఆకుపచ్చ ఛాయ వచ్చి మనిషి జ్వరంలో ఉన్నట్టు కనిపిస్తాడు. ఆటో వైట్ బ్యాలెన్స్ ఒక్కోసారి సరిచేస్తుంది, ఒక్కోసారి చేయదు. రా ఫైల్ తీసుకోండి, ముఖం పక్కన ఒక తెల్ల కాగితం పట్టుకుని మొదటి ఫోటో తీయండి, తర్వాత దాన్నిబట్టి సరిచేసుకోవచ్చు. అంతకన్నా తేలిక, నీడ అయిపోయే అంచున కూర్చోబెట్టి ముఖం ఆకాశం వైపు తిప్పండి. నేను మా నాన్న తెల్ల పంచె మడతపెట్టి నాయనమ్మ ఒడిలో, ఫ్రేమ్‌లో పడకుండా పరిచా. కళ్ళ కింద నీడలు తగ్గాయి. రిఫ్లెక్టర్ కొనక్కర్లేదు.

ఇంకోటి, ఆకుల సందుల్లోంచి ఆకాశం ముక్కలు మెరుస్తుంటాయి చూశారా? పెద్ద అపర్చర్ లెన్సుల్లో, ముఖ్యంగా పాత 85ల్లో, ఆ మెరుపుల చుట్టూ ఊదారంగు అంచు వస్తుంది. తెల్ల జుట్టు చుట్టూ కూడా. నాయనమ్మ జుట్టు మొత్తం తెలుపే, ఊదారంగు దారాలు అల్లినట్టు వచ్చింది. ఎఫ్/2.8కి దించితే చాలావరకు పోయింది. అందుకే "1.8 లెన్సు కొన్నా, 1.8లోనే తీస్తా" అని పంతం పట్టకండి. షట్టర్ కూడా చూసుకోండి. క్రాప్ కెమెరా మీద 85 అంటే చేతి వణుకు 127 లెన్సు అంత కనిపిస్తుంది. ఈ పాత లెన్సుల్లో స్టెబిలైజేషన్ ఉండదు. సెకనులో 125వ వంతు కన్నా తగ్గించకండి, నేను 250లో పెడతా.

రెండోసారి, వారం తర్వాత, ఎఫ్/4లో తీశా. ఆ ఫోటో చివర్లో చూపిస్తా.

సరే, ఏది కొనాలి? నా అభిప్రాయం సూటిగా చెప్తా. క్రాప్ కెమెరా ఉండి, మొదటి ప్రైమ్ కొంటుంటే 50 ఎఫ్/1.8 తీసుకోండి. నికాన్‌కి ఏఎఫ్-ఎస్ 50 ఎఫ్/1.8జి, కెనాన్‌కి ఈఎఫ్ 50 ఎఫ్/1.8 ఎస్‌టీఎం. కెనాన్‌ది 160 గ్రాములే, జేబులో పడుతుంది. ధర 85 కన్నా బాగా తక్కువ ఉంటుంది. ఇంట్లో, గుళ్ళో, పెళ్ళి పందిట్లో పనికొస్తుంది. 85 ఎప్పుడు? మీరు ఎక్కువగా బయట తీస్తూ, మీకూ మనిషికీ మధ్య పది పన్నెండు అడుగులు ఎప్పుడూ దొరుకుతుంటే. లేదా ఫుల్‌ఫ్రేమ్ ఉంటే, అప్పుడు అనుమానం లేకుండా 85. ఫుల్‌ఫ్రేమ్ మీద అది తల, భుజాలకి అయిదడుగుల లోపే పట్టేస్తుంది, మన గదుల్లో కూడా నడుస్తుంది. నికాన్ 85 ఎఫ్/1.8జి 350 గ్రాములు, సోనీ ఎఫ్ఈ 85 ఎఫ్/1.8 371, కెనాన్ ఈఎఫ్ 85 ఎఫ్/1.8 425. మూడూ మంచివే, ఏ కెమెరాకి ఆ లెన్సు. ఎఫ్/1.4 ల జోలికి ఇప్పుడే వెళ్ళకండి. బరువు, ధర రెండూ ఎక్కడికో పోతాయి. 105, 135 కూడా అద్భుతమైన లెన్సులే. స్టీవ్ మెక్‌కరీ 1984లో తీసిన ఆ అఫ్ఘాన్ అమ్మాయి ఫోటో, పచ్చ కళ్ళది, 1985 జూన్ నేషనల్ జియోగ్రాఫిక్ కవర్ మీద వచ్చింది కదా, అది నికాన్ 105 ఎఫ్/2.5తో తీసిందే. చూశారా, అందులో 1.8 లేదు, 1.4 లేదు.

కొనేముందు డబ్బు ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. మీ దగ్గర 18-55 కిట్ లెన్సు ఉంటే 50 దగ్గర పెట్టి, జూమ్ రింగు కదలకుండా చిన్న టేపు ముక్క అంటించండి. 55-250 గానీ 70-300 గానీ ఎవరి దగ్గరైనా దొరికితే 85 దగ్గర అలాగే అంటించండి. ఒక్కోదానితో వారం రోజులు తీయండి. బ్లర్ రాదు, దాని గురించి పట్టించుకోకండి. ఎన్నిసార్లు గోడ తగిలింది, ఎన్నిసార్లు ఇంకా దగ్గరికి ఉంటే బాగుండు అనిపించింది, అది చూసుకోండి. నేను ఈ పని ముందే చేసుంటే ఒక సీజన్ డబ్బు మిగిలేది.

కెమెరా లేదు అన్నా, ఫోనే ఉంది అనేవాళ్ళు, మీరే ఎక్కువమంది అని నాకు తెలుసు. మీకూ ఇదే లెక్క. 1ఎక్స్‌లో ముఖం మీదకి వెళ్ళకండి. 2ఎక్స్ లేదా 3ఎక్స్ నొక్కి నాలుగైదు అడుగులు వెనక్కి రండి. 2ఎక్స్ అంటే 50 దగ్గర, 3ఎక్స్ అంటే 75 దగ్గర పనిచేస్తుంది. ఒక కిటుకు ఉంది: 3ఎక్స్‌లో ఉండగా వెనక ఉన్న లెన్సుల్ని ఒక్కొక్కటిగా వేలితో మూసి చూడండి. టెలి లెన్సు మూసినా స్క్రీన్ మీద బొమ్మ మామూలుగానే ఉందంటే, మీ ఫోన్ మెయిన్ కెమెరాతోనే తీసి క్రాప్ చేస్తోందని అర్థం. చీకట్లో చాలా ఫోన్లు ఇలాగే చేస్తాయి. అలాంటప్పుడు కిటికీ పక్కకో వరండాలోకో వెళ్ళండి. పోర్ట్రెయిట్ మోడ్ బ్లర్ కాస్త తగ్గించి పెట్టండి, లేకపోతే కళ్ళజోడు అంచులు, చెవి కమ్మలు, జడలో పూలు తినేస్తుంది. క్రాప్ అయినా సరే, దూరం నుంచి తీసిన ముఖం ముఖంలాగే ఉంటుంది. మా తాత ఫోటో తీసిన ఆ ఫోన్‌తోనే, ఇంకో నాలుగడుగులు వెనక నుంచి, ఆయన్ని మధ్యలో పెట్టి తీసుంటే ఇవాళ మా గోడ మీద మా తాతే ఉండేవాడు.

ఇదిగో నాయనమ్మ ఫోటో. (స్క్రీన్ మీద) 85, ఎఫ్/4, ఏడున్నర అడుగులు. రెండు కళ్ళూ ఫోకస్‌లో ఉన్నాయి, ముక్కుపుడక కూడా. 12కి 18 ప్రింట్ వేయించి ఇచ్చా. చేత్తో దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఆఁ, ఇది నేనే" అంది. తర్వాత మొదటిరోజు తీసినవి కూడా చూపించమని అడిగింది. కళ్ళు మసకగా ఉన్నవి పనికిరావు నాయనమ్మా అంటే వినలేదు. వాటిలో ఒకటి చూసి, "పుడక ఎంత బాగా పడిందిరా, ఏడు రాళ్ళూ కనపడుతున్నాయి, ఇది కూడా కట్టించు" అంది. ఇప్పుడు ఆ రెండూ బీరువాలో చీరల కింద ఉన్నాయి. ఒకటి ఎప్పుడు తీయాలో మాకందరికీ చెప్పి పెట్టింది. రెండోది వచ్చినవాళ్ళందరికీ తనే తీసి చూపిస్తోంది.

మా తమ్ముడు ఆదివారం కెమెరా పట్టుకుని వస్తానన్నాడు. టేపు నేను రెడీగా పెట్టా, వాళ్ళింట్లో హాలు ఎన్ని అడుగులో కొలుచుకు రమ్మని చెప్పా. వాడు ఏది కొన్నాడో వచ్చే ఎపిసోడ్‌లో చెప్తా. ఉంటానండి.